ఫోన్ రాకపోతే భయం లేదన్నారు

నా పేరు ఒడుగు వీరలక్ష్మి. భర్త పేరు పోతయ్య, ఇప్పుడు లేరు. నా వయసు నలభై నాలుగు. ఎండుచేపల వ్యాపారం చేస్తాను. మాది కృష్ణా జిల్లా కోడూరు మండలం హంసలదీవి. ఐదో తరగతి దాకా చదువుకున్నాను, సంతకం చేయగలను. ఈ రోజు మచిలీపట్నం కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని మేజిస్ట్రేటు గారు ముందే చెప్పారు. ఆలోచించుకోమని బయట కూర్చోబెట్టారు. కూర్చుని వచ్చాను. ఇష్టంతోనే చెబుతున్నాను.

లంకే కోటిలింగం నా అన్నయ్య. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మా నాన్న పోయేనాటికి నేను ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. అన్నయ్యే నన్ను పెంచాడు. నా భర్త, అన్నయ్య చిన్నప్పటి నుంచి జతగాళ్ళు. నన్ను ఆయనకిచ్చి పెళ్ళి చేసింది అన్నయ్యే. మా పెళ్ళయ్యాక అన్నయ్య బోటు కొన్నాడు. ఆ బోటును నడిపే సరంగు నా భర్త. గిలకలదిండి హార్బరు నుంచి వేటకు వెళితే వారం, పది రోజులు సముద్రం మీదే ఉంటారు. చేప ఎక్కడ ఉంటుందో, గాలి ఎప్పుడు తిరుగుతుందో ఆయనకు బాగా తెలుసని హార్బరులో అందరూ అనేవాళ్ళు. ఈ ఏడాది అన్నయ్య పాత బోటు అమ్మి పెద్దది కొత్తది చేయించాడు. నువ్వు చుక్కాని పట్టకపోతే ఈ బోటు నీళ్ళలోకి దించను బావా అని అందరి ముందూ అన్నాడు. నా భర్త ఆ మాటకు చాలా సంతోషించాడు. ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పాడు.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా వేట నిషేధం ఉంటుంది. అప్పుడు మగవాళ్ళు ఒడ్డునే ఉండి వలలు బాగుచేసుకుంటారు. ఈ ఏడాది మే నెలలో గుడివాడ నుంచి ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రి వాళ్ళు మా ఊరి తుఫాను షెల్టరులో ఉచితంగా పరీక్షలు పెట్టారు. శ్రావ్య గారనే డాక్టరమ్మ వచ్చారు. చిన్న వయసు. ఒక్కొక్కరిని బల్ల మీద పడుకోబెట్టి, చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు పెట్టి, రొమ్ము మీద రబ్బరు బుడ్డీలు అంటించి ఈసీజీ తీశారు. నా భర్త రొమ్ము మీద బుడ్డీలు నిలవకుండా ఊడిపోతుంటే అక్కడున్నవాళ్ళు నవ్వారు. అన్నయ్య వెళ్ళి చేత్తో నొక్కి పట్టుకున్నాడు. గీతలు వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడ డాక్టరమ్మ అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. మామూలుగా ఈసీజీ చూసి గుండె ఇప్పుడెలా ఉందో డాక్టర్లు చెబుతారట. ఈ గీతలను ఇప్పుడు కంప్యూటరు కూడా చూస్తుందట. లక్షల మంది ఈసీజీలు దానికి చూపించి, వాళ్ళలో తర్వాత ఎవరికి ఏం జరిగిందో కూడా చెప్పి దానికి నేర్పారట. అందువల్ల మన కంటికి ఆనని తేడా కూడా దానికి తెలుస్తుందని, ముందు ముందు ఎవరికి ప్రమాదం ఉందో అది పట్టుకుంటుందని చెప్పారు. రేపటి సంగతి గీతల్లో ఎలా కనిపిస్తుందమ్మా అని నేనే అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. మీరు చేపను పట్టుకోగానే అది రేపటికి నిలుస్తుందో లేదో చెప్పగలరు కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే పొరపాటు పడవచ్చు అన్నారు. అది చెప్పేది అనుమానమే, అనుమానం వచ్చినవాళ్ళను గుడివాడ పిలిపించి స్కాన్ చేసి తేల్చుకుంటాం అన్నారు. ఆ తర్వాత ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అనుమానం ఉన్నవాళ్ళకు మేమే ఫోన్ చేస్తాం. ఫోన్ రాకపోతే భయం లేదనుకోండి."

ఫోన్ నంబర్లు రాసుకునేటప్పుడు, మా బోటువాళ్ళందరికీ నా నంబరే రాయండమ్మా, నేను కబురు చెబుతాను అని అన్నయ్య అన్నాడు. సముద్రం మీద ఫోన్లు తడిసి పాడవుతాయి. ఓనరు నంబరు ఇవ్వడం మాలో మామూలే. నా భర్త సరేనన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

అప్పటికే నా భర్తకు ఒంట్లో బాగుండటం లేదు. నడిస్తే ఆయాసం వచ్చేది. వెల్లకిలా పడుకోలేక రెండు తలగడలు వేసుకునేవాడు. ఒకరోజు కాళ్ళు లాగుతున్నాయంటే నూనె రాశాను. నా వేలు నొక్కిన చోట గుంట పడింది. నేను చేయి తీసినా ఆ గుంట పూడలేదు. అవనిగడ్డ వెళ్ళి చూపించుకుందాం రమ్మన్నాను. మొన్ననే కదా అంత పెద్ద పరీక్ష చేశారు, ఫోన్ రాలేదు కదా అన్నాడు. నేను ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఫోన్ రాలేదు కదా.

నిషేధం ఇంకో వారంలో అయిపోతుందనగా అన్నయ్య మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మెత్తళ్ళ చేపల కూర వండాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తింటున్నారు. నా మనసు ఆగక, కాళ్ళ వాపు సంగతి అన్నయ్యకు చెప్పాను. అప్పుడు నా భర్త నవ్వుతూ అన్నయ్యను అడిగాడు.

"బావా, నా పేరు మీద ఫోనేమన్నా వచ్చిందా? మీ చెల్లెలు నన్ను బతకనివ్వట్లేదు."

అన్నయ్య అన్నం కలుపుకుంటూనే చెప్పాడు. "నీకెందుకొచ్చిద్ది బావా. నీ గుండె నా కొత్త ఇంజను కన్నా గట్టిది."

నేను అన్నయ్యకు ఇంకో ముద్ద వడ్డించాను. అన్నయ్య చెప్పాక నాకు దిగులు పోయింది. ఆ రాత్రి నిద్రపోయాను.

నిషేధం అయిపోగానే కొత్త బోటు మొదటి వేటకు వెళ్ళింది. చేప బాగా పడింది. తిరిగొచ్చి నా భర్త నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ అన్నయ్య వచ్చిపోతూనే ఉన్నాడు. రెండో వేట నుంచి వచ్చేసరికి నా భర్త ముఖం ఉబ్బింది. ఇంట్లో కూర్చుని అన్నం తింటూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఈ ఒక్కసారికి మానెయ్యమన్నాను. నేను లేకపోతే బావ ఎవరితో పంపుతాడు అన్నాడు. జూలై పద్దెనిమిదిన మూడో వేటకు వెళ్ళాడు.

బోటులో ఉన్నవాళ్ళు చెప్పిందాన్ని బట్టి, ఒకరోజు పొద్దున్న వల లాగుతుండగా చుక్కాని దగ్గర ఒక్కసారిగా ముందుకు వాలిపోయాడు. మాట లేదు. వాళ్ళు రొమ్ము రుద్దారు, నీళ్ళు చల్లారు. ఒడ్డు చాలా దూరం. మర్నాడు మధ్యాహ్నానికి గిలకలదిండి చేరారు. నన్ను, నా కూతురు వీరదుర్గను అన్నయ్యే కారులో హార్బరుకు తీసుకెళ్ళాడు. దుర్గ బందరులోనే డిగ్రీ చదువుతోంది. దారిలో ఆపి కాలేజీ దగ్గర ఎక్కించుకున్నాం. నాన్నకు బాగోలేదంట అని మాత్రమే దానికి చెప్పాడు.

ఆయన్ను చేపలు పెట్టే అరలో, ఐసులో తెచ్చారు. మరో దారి లేదని నాకు తెలుసు. చేపల పని చేసేదాన్ని, ఐసు సంగతి నాకు తెలియనిది కాదు. పైకి తీసుకొచ్చాక చూస్తే జుట్టు నిండా పొలుసులు అంటుకుని ఉన్నాయి. నేను కూర్చుని ఒక్కొక్కటీ తీశాను. ఎవరో లేవమన్నారు. అన్నీ తీశాకే లేచాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం చేశారు. గుండె బాగా పెద్దదైపోయి బలం పోయిందని, ఇది ఒక్క రోజులో వచ్చింది కాదని అక్కడి డాక్టరు చెప్పారు.

అన్నయ్య శవం మీద పడి ఏడ్చాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు. పెద్దకర్మ దాకా అన్నీ దగ్గరుండి చేయించాడు. దుర్గ చదువు నాది, నీకు నేనున్నాను అన్నాడు. వచ్చినవాళ్ళందరికీ నేను అదే చెప్పాను. మా అన్నయ్య ఉన్నాడు, నాకదే ధైర్యం అన్నాను.

ఆగస్టు నెలలో ఒకరోజు ఉదయం డాక్టర్ శ్రావ్య గారు మా ఇంటికి వచ్చారు. నేను వాకిట్లో చేపలు ఎండబెడుతున్నాను. పోతయ్య గారు ఉన్నారా అండీ, స్కానుకు వస్తానని రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, చూసి వెళదామని వచ్చాను అన్నారు. నాకు ఆ మాటలు తలకెక్కలేదు. దుర్గ లోపలి నుంచి వచ్చి, నాన్న చనిపోయారండీ అని చెప్పింది. డాక్టరమ్మ లోపల గోడకు ఉన్న ఫోటో చూసి గడప మీద కూర్చున్నారు.

"నేను ఆయనతో మాట్లాడానమ్మా. సముద్రం మీదకు వెళ్ళొద్దని చెప్పాను. సరేనన్నారు."

"ఆయనకు మీ ఫోన్ రాలేదమ్మా" అన్నాను.

వచ్చిందని ఆవిడ, రాలేదని నేను. చివరికి ఆవిడ తన ఫోనులో నంబరు తీసి చదివారు. దుర్గ వినీ వినకముందే, అది మావయ్య నంబరు అంది.

నేను అప్పటికీ అన్నయ్యను అనుమానించలేదు. ఫోన్ ఎవరో ఎత్తి ఉంటారు, చెప్పడం మర్చిపోయి ఉంటారు అనుకున్నాను. అన్నయ్య ఇంట్లో పనివాళ్ళుంటారు, హార్బరులో ఫోన్ ఎవరి చేతిలోనైనా ఉంటుంది. అదే అన్నాను. డాక్టరమ్మ, మా ఆసుపత్రి నుంచి చేసే ఫోన్లన్నీ రికార్డవుతాయి, మీరు వస్తే వినిపిస్తాను అన్నారు. వినాల్సిన హక్కు మీకుంది అని కూడా అన్నారు.

మర్నాడు దుర్గ, నేను బస్సులో గుడివాడ వెళ్ళాం. ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇది మే నెలలోనే చేసిన ఫోన్ అని చెప్పి వినిపించారు. అందులో ఏముందో నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

డాక్టరమ్మ, పోతయ్య గారేనా అండీ అని అడిగారు. "ఆఁ, నేనేనండీ" అని సమాధానం వచ్చింది. అది అన్నయ్య గొంతు.

డాక్టరమ్మ చెబుతున్నారు. మీ ఈసీజీ మామూలుగా చూస్తే బాగానే ఉంది. కానీ గుండె బలం తగ్గుతోందని, ప్రమాదం ఎక్కువని కంప్యూటరు చూపిస్తోంది. మా పెద్ద డాక్టరు గారు కూడా స్కాన్ చేయాల్సిందే అన్నారు. ఈ వారంలోనే రండి. వచ్చేదాకా వేటకు వెళ్ళొద్దు, బరువులు ఎత్తొద్దు. ఆ తర్వాత ఒక్కొక్కటీ అడిగారు.

"ఆయాసం వస్తోందా అండీ?"

"లేదండీ."

"కాళ్ళు వాస్తున్నాయా?"

"అబ్బే, ఏం లేదండీ."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"హాయిగా పడుతుందండీ."

నా భర్త ఒంట్లో ఉన్న బాధలన్నీ ఆవిడ ఒకటొకటిగా అడిగారు. అన్నిటికీ అన్నయ్య లేదన్నాడు. అంతలో దూరం నుంచి ఇంకో గొంతు వినిపించింది. వలలు కుట్టే చోటు అనుకుంటాను, వెనక సుత్తి చప్పుడు కూడా ఉంది. "ఎవరు బావా?" అని ఆ గొంతు అడిగింది.

అది నా భర్త గొంతు. ఆయన పోయాక ఆయన గొంతు వినడం అదే మొదలు. దుర్గ నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్య ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు, మాట కొంచెం అణిగినట్టు వచ్చింది. "ఎవరో ఫోన్ కంపెనీవాళ్ళులే బావా." తర్వాత మళ్ళీ మామూలు గొంతుతో, వస్తానండీ, తప్పకుండా వస్తాను అని డాక్టరమ్మకు చెప్పి పెట్టేశాడు.

నేను మళ్ళీ పెట్టమని అడిగాను. మూడుసార్లు విన్నాను. మూడోసారి నా భర్త మాట కోసం విన్నాను. డాక్టరమ్మ తన తప్పు తను ఒప్పుకున్నారు. ఆ నంబరు ఎవరిదో అడగాల్సింది, రాకపోయేసరికి వెంటనే ఇంటికి రావాల్సింది అన్నారు. ఆ మాట ఆవిడ పోలీసులకు కూడా చెప్పారు. ఆవిడ మీద నాకు కోపం లేదు.

ఆ గొంతు తనది కాదని అన్నయ్య పోలీసులకు చెప్పాడని విన్నాను. ఆ గొంతు నన్ను పెంచిన గొంతు. ప్రమాణం చేసి చెబుతున్నాను, అది మా అన్నయ్య కోటిలింగం గొంతే.

గుడివాడ నుంచి వచ్చాక రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు యలమంద మా ఇంటికి వచ్చాడు. యలమంద అదే బోటులో వల లాగే కళాసీ, అందరికంటే పెద్దవాడు. నిషేధం తర్వాత ఆయన వేటకు వెళ్ళలేదు. నా మౌనం చూసి ఓదార్చడానికి వచ్చాడు. మీ అన్నయ్య లాంటివాడు ఉండగా నీకేంటమ్మా అన్నాడు. అలా ఎందుకంటున్నావు బాబాయ్ అని అడిగాను. అప్పుడు చెప్పాడు. పరీక్షల తర్వాత యలమందకు కూడా గుడివాడ నుంచి ఫోన్ వచ్చిందట. అదీ అన్నయ్య నంబరుకే. అన్నయ్య ఆ రోజే కబురు చెప్పి, మర్నాడు తన కారులో గుడివాడ తీసుకెళ్ళి స్కాన్ చేయించాడట. మందులు మొదలుపెట్టారు. వేట మానెయ్యమన్నారు. అన్నయ్య ఇంటి దగ్గర వల పని ఇచ్చాడు. ఇప్పుడు యలమంద ఆరోగ్యంగా ఉన్నాడు.

"పోతయ్యకూ వచ్చిందని నాకు తెలీదమ్మా. తెలిస్తే నేనే లాక్కెళ్ళేవాణ్ణి" అని యలమంద ఆ తర్వాత అన్నాడు. ఆయన సాక్ష్యం ఇస్తానన్నాడు.

యలమందకు చెప్పాడు. నా భర్తకు చెప్పలేదు. ఇద్దరికీ ఫోన్ ఒకటే, ఆసుపత్రి ఒకటే. యలమందకు చెప్పాడు.

ఆ సాయంత్రం నేను అన్నయ్య ఇంటికి వెళ్ళాను. మా అమ్మ కూడా అక్కడే ఉంటుంది. రికార్డు విన్నానని చెప్పాను. అన్నయ్య కాదనలేదు. మంచం మీద కూర్చున్నాడు. వాళ్ళు పేరు అడిగితే, వేరేవాళ్ళకు చెప్పరేమోనని నేనే పోతయ్యనన్నాను, అంతే అన్నాడు. తర్వాత, గీతలు బాగానే ఉన్నాయని డాక్టరే చెబుతుంటే, కంప్యూటరు చెప్పిందని మనిషిని ఎలా భయపెట్టను అన్నాడు. మొదటి వేట అయ్యాక నేనే తీసుకెళదామనుకున్నాను అన్నాడు. మొదటి వేట అయ్యాక నాలుగు రోజులు మా ఇంటికి వచ్చావు కదా అన్నయ్యా, అప్పుడెందుకు చెప్పలేదు అని అడిగాను.

"కంప్యూటరు మాట నమ్మనివాడివి యలమందను ఎందుకు తీసుకెళ్ళావు?" అన్నాను.

మా అమ్మ, చెప్పరా అంది. అప్పుడు చెప్పాడు. గట్టిగా కూడా చెప్పలేదు.

"యలమంద లేకపోయినా బోటు వెళ్ళిద్ది."

ఆ మాట విన్నది ముగ్గురం. అన్నయ్య, మా అమ్మ, నేను. మా అమ్మ ఆ మాట తను వినలేదని పోలీసులకు చెప్పింది. ఆవిడకు డెబ్బై దాటాయి, ఉండేది కొడుకు దగ్గర. ఆవిడ మీద ఒత్తిడి చేయవద్దని కోరుతున్నాను.

నేను అక్కడ గొడవ చేయలేదు. తిట్టలేదు. నడిచి ఇంటికి వచ్చాను. తర్వాత అన్నయ్య మనుషులను పంపాడు. ఊరి పెద్దలు వచ్చారు. జరిగింది జరిగిపోయింది, ఉన్న ఒక్క దిక్కును జైలుకు పంపి ఆడపిల్లతో ఎలా బతుకుతావు అన్నారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. నాకు ఉన్న దిక్కు అన్నయ్యే. నా పుట్టిల్లు ఆయనే. మా ఆయనకు జ్వరమొస్తే నేను ముందు పరిగెత్తింది అన్నయ్య దగ్గరికే. ఈసారీ కాళ్ళ వాపు సంగతి ముందు ఆయనకే చెప్పాను. ఆయనకు అప్పటికే తెలుసు. నాకంటే ముందే, నాకంటే ఎక్కువ తెలుసు. తెలిసి నా చేతి అన్నం తిన్నాడు.

ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అని దుర్గను అడిగాను. ఫోన్ ఎవరిదని నాన్న అడిగాడమ్మా, ఎవరో ఒకరు ఆయనకు నిజం చెప్పాలి కదా అంది. మర్నాడు ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం.

స్కాన్ చేయించుకుంటే నా భర్త తప్పకుండా బతికేవాడని నేను చెప్పలేను. బతికే అవకాశం ఉండేదని డాక్టరమ్మ అన్నారు. నేను చెప్పేది ఒకటే. ఆ కబురు నా భర్తది. వెళ్ళాలా మానాలా అనేది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి. మా అన్నయ్య దాన్ని ఆయనకు ఇవ్వకుండా ఆయన్ను సముద్రం మీదకు మూడుసార్లు పంపాడు. దీనికి చట్టంలో ఏ పేరు ఉందో నాకు తెలియదు. ఎంత శిక్ష వేయాలో చెప్పే చదువు నాకు లేదు. అన్నయ్య కోర్టుకు వచ్చి, ఫోన్ ఎత్తింది నేనే అని నా ఎదుట, దుర్గ ఎదుట ఒప్పుకోవాలి.

నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ బెదిరించి చెప్పించలేదు. వద్దన్నవాళ్ళే ఎక్కువ. నేను చెప్పినదంతా గుమాస్తా గారు తెలుగులో రాసి, మేజిస్ట్రేటు గారి ముందు నాకు చదివి వినిపించారు. ఒక్క చోట దిద్దమని అడిగాను. నిందితుడు సాక్షికి బంధువు అని రాశారు. బంధువు కాదండీ, తోడబుట్టినవాడు అని చెప్పాను. బంధువు అనే మాట కొట్టేసి, తోడబుట్టిన అన్న అని రాశారు. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది. ఇందులో ఉన్నదంతా నేను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది, ఇతరులు చెప్పిన చోట వాళ్ళు చెప్పారనే చెప్పాను. కల్పించినది లేదు, దాచినది లేదు.

(సంతకం)
ఒడుగు వీరలక్ష్మి